బిస్కెట్ డబ్బాలో తొంభై ఆరు పేర్లు

జెచొన్,
అక్టోబరు 14.

ఓక్‌బున్ అక్కకు,

నీ నడుము ఎలా ఉంది? ముందు అది రాయి, మిగతావి తర్వాత. మీ తమ్ముడి కాలి పుండు మానిందా, షుగరు తగ్గిందా? కింది వాటాలో నూడుల్స్ అమ్మే ముసలమ్మ మెట్ల మీద జారిందన్నావు, లేచి తిరుగుతోందా? పిల్లికి కన్ను వాచిందని కూడా రాశావు. దాని సంగతీ రాయి. నాకు దాని గురించీ బెంగగానే ఉంది.

ఇక్కడ మా ముసలాయన మోకాళ్ళు వాన రాబోతోందని ఒకరోజు ముందే చెబుతున్నాయి. నా చెవి మిషను ఈల వేస్తోంది. షాపుకి తీసుకెళితే కొత్తది కొనమన్నాడు. ఉన్నదానితోనే సర్దుకుంటున్నాను. ఫోను చేయొద్దన్నానని కోపం పెట్టుకోకు అక్కా. ఇరవై రెండేళ్ళు నూలు మిల్లులో నిలబడ్డ చెవులివి. ఫోనులో ఎవరు మాట్లాడినా నాకు కదుళ్ళు తిరుగుతున్నట్టే ఉంటుంది. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు, అర్థం కాకపోతే దిండు కింద పెట్టుకుని మళ్ళీ చూసుకోవచ్చు.

నువ్వు రాసిన అసలు సంగతి. మిల్లు పాత గొడవ విచారించే సియోల్ కమిటీ ముందు నేను సాక్ష్యం చెప్పాలన్నావు. అక్కా, నేను ఆరో తరగతి దాటని దాన్ని. పెద్దవాళ్ళు అడిగితే నా నోరు ఎండిపోతుంది. పైగా డిసెంబరంటే ఇక్కడ మంచు. బస్సు జారిపడితే? గ్యాసు కట్టకుండా మా ఆయన నిద్రపోతే? ఇంకో భయం, నవ్వకు. మిల్లు మాట ఎత్తితే నాకు వచ్చే ఆ కాస్త పింఛనూ ఆపేస్తారేమో. పింఛను ఆఫీసు నుంచి మొన్న ఒక కవరొస్తే విప్పడానికి రెండు రోజులు పట్టింది. విప్పితే పుట్టినరోజు శుభాకాంక్షలు.

నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరా? అసలు వాళ్ళేం అడుగుతారు? నేనేం చెప్పాలి?

క్యాబేజీలు ఈ ఏడు గట్టిగా ఉన్నాయి. నవంబరులో కిమ్చీ పచ్చడి వేశాక ఎప్పటిలాగే నీకో డబ్బా పంపుతాను.

నీ చెల్లెలు
మాల్‌జా


ఇంచియాన్,
అక్టోబరు 25.

ఒసే మాల్‌జా,

నడుము ఉంది. వంగితే లేవదు, లేస్తే వంగదు. తమ్ముడి పుండు మానింది, బుద్ధి మాత్రం మానలేదు, దొంగచాటుగా తీపి బన్నులు తింటున్నాడు. ముసలమ్మ లేచి నూడుల్స్ అమ్ముతోంది. పిల్లి కన్ను బాగైంది. నువ్వడిగావని చెబితే సిగ్గుపడి మంచం కిందికి దూరింది.

ఇక విను. నీ పింఛను ఎవరూ తీసుకోరు. పింఛను లేనిదాన్ని నేను. పోయే భయం నీకు, రాలేదన్న ఏడుపు నాకు. మిల్లులోంచి గెంటేశాక నా పేరు, నాతో గెంటించుకున్న ముప్ఫైమంది పేర్లు ఒక జాబితాలో ఎక్కించి ఊళ్ళో ప్రతి ఫ్యాక్టరీకీ పంపారు. ఎక్కడికెళ్ళినా మొదటి వారంలోనే, "నువ్వా ఆ ఓక్‌బున్‌వి, పో" అనేవాళ్ళు. పదేళ్ళు ఒకచోట కడితేగాని పింఛను లేదంటే, పది నెలలు ఒకచోట ఉండనిచ్చిందెవరు నన్ను? డెబ్బయ్యో ఏట ఆరంతస్తుల మెట్లు తుడుస్తున్నాను. మొన్న కాంట్రాక్టరు, "నానమ్మా, వసంతం నుంచి ఇంట్లో కూర్చుని రెస్టు తీసుకోండి" అన్నాడు. మీ నానమ్మని కూర్చోబెట్టు నాయనా, నాకు కూర్చుంటే గడవదు అన్నాను.

కాబట్టి ఈ కమిటీయే దారి. మమ్మల్ని అన్యాయంగా తీసేశారని అది తేలిస్తే ముప్ఫై ఒక్కమందికీ నెలనెలా ఏదో కొంత వస్తుంది. అంతకంటే ముఖ్యం, మేం గొడవ చేసి పారిపోయినవాళ్ళం కామని కాగితం మీద ఉంటుంది. ముప్ఫై ఒక్కమందిలో ఇప్పుడు మిగిలింది పంతొమ్మిదిమందిమి.

మన లాయరమ్మాయికి కావలసింది ఒక్కటే. నలభై ఐదేళ్ళ కిందటి ఆ సెప్టెంబరులో, చుసొక్ పండక్కి పది రోజుల ముందు, మన హాస్టలు మూడో అంతస్తులో తొంభై ఐదుగురు ఆడపిల్లలు యూనియన్‌కి రాజీనామా ఇచ్చినట్టు కాగితాలు నోటీసు బోర్డు మీద వేలాడాయి కదా. యూనియన్ పెట్టిన నేను కూడా యూనియన్‌కి రాజీనామా ఇచ్చానట! సంతకానికి బదులు వేసే అందరి పేరు ముద్రలూ ఎర్రగా ఉన్నాయి. ఎవరూ వేయలేదు. అది అబద్ధమని మిల్లు పెరట్లో ధర్నాకి కూర్చున్నవాళ్ళనే కదా గెంటేశారు. ఆ ముద్రలు మేనేజరు చేతికి ఎలా చేరాయో చెప్పే మనిషి కావాలి. ముద్రల డబ్బా దాచింది నువ్వు. కాబట్టి నువ్వే.

చెప్పాల్సింది చిన్న మాట. నీ పెట్టె తాళం చెవి గోడ మేకుకి ఉండేదని, నీ గదిలో ఉండే బూనికి అది తెలుసని, ఆ సాయంత్రం బూని వార్డెనమ్మ గదిలోకి వెళ్ళడం చూశావని. అందరి ముద్రా పడి బూనిది మాత్రం ఎందుకు పడలేదో వాళ్ళే అర్థం చేసుకుంటారు. అంతే. అప్పుడు అందరూ అనుకున్నదే.

లాయరమ్మాయి డిసెంబరులో నీ ఇంటికే వస్తుంది. బస్సు జారే భయం కూడా లేదు నీకు. రాతపూర్వకంగా ఇవ్వడానికి మార్చి ఆఖరు దాకా గడువుంది.

నవంబరు కిమ్చీలో ఉప్పు తగ్గించు.

ఓక్‌బున్


జెచొన్,
నవంబరు 21.

అక్కా,

కిమ్చీ పార్సిల్ నిన్న వేశాను. మూత చుట్టూ నాలుగు వరసలు టేపు వేశాను, అయినా దారిలో పొంగుతుందేమోనని రాత్రంతా అదే ఆలోచన. చేరగానే ఫ్రిజ్‌లో పెట్టకు, ఒక పూట బయట ఉంచు. మీ తమ్ముడికి ఉప్పు రొయ్యలు పడవని అవి వేయకుండా వేరే చిన్న డబ్బా కట్టాను, దానికి నీలం దారం ఉంది.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మా ఆయన చూసి, "ఎవరికే ఆ ప్రేమలేఖ, అన్ని కాగితాలు తగలేస్తున్నావు" అన్నాడు. నవ్వలేకపోయాను.

అక్కా, నేను బూనిని వార్డెనమ్మ గది దగ్గర చూసిన మాట నిజం. వాళ్ళమ్మకి జబ్బుగా ఉందని కబురొస్తే ఫోను చేసుకోవడానికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆమె చేతిలో ఏమీ లేదు. డబ్బా అప్పటికే లోపల ఉంది.

ఇచ్చింది నేను.

రాసేశాను. అక్షరాలు వంకరపోయాయి, ఏమనుకోకు.

మూడు షిఫ్టుల పిల్లలం, జీతాల రోజున సగంమంది నిద్రలో, సగంమంది మిషన్ల దగ్గర. రిజిస్టరులో ముద్ర వేయకపోతే జీతం లేదు. అందుకే అంతస్తు పెద్దగా నన్ను పెట్టి అందరూ తమ పేరు ముద్రలు నాకిచ్చారు. నువ్వే తెచ్చావు ఆ బిస్కెట్ డబ్బా. నేను అట్టముక్కలతో గళ్ళు కట్టి, ఒకటో గది నుంచి పన్నెండో గది దాకా, గదిలో కిటికీ పక్క పరుపు నుంచి తలుపు పక్క పరుపు దాకా, వరసగా పేర్చాను. కళ్ళు మూసుకుని తీసినా ఎవరి ముద్ర ఎవరిదో చెప్పేదాన్ని. ఆ డబ్బా అంటే నాకెంత గర్వమో! ఊళ్ళో మమ్మల్ని మిల్లు పిల్లలని వెక్కిరించేవాళ్ళు, బస్సులో పక్కన కూర్చునేవాళ్ళు కాదు. అటువంటిది తొంభై ఆరుమంది పేర్లు నా ఒళ్ళో!

ఆ సాయంత్రం వాన. వార్డెనమ్మ పిలిచి, "మాల్‌జా, ఈసారి పండక్కి ఊళ్ళకెళ్ళే రైల్లో మిల్లు వాళ్ళే సీట్లు పెట్టిస్తున్నారు, అందరి ముద్రలూ కావాలి, రేపొద్దున్న ఇచ్చేస్తాను" అంది. అంతకుముందు ఏడు నేను ఇంటిదాకా తొమ్మిది గంటలు నిలబడి వెళ్ళాను. సీట్లు అనగానే ఇంకేం అడగలేదు. పరుగెత్తి తెచ్చి రెండు చేతులతో ఇచ్చాను. ఒంగి దండం కూడా పెట్టాను.

తెల్లవారి బోర్డు మీద కాగితాలు చూశాను. నువ్వు అందరిముందూ, "డబ్బా ఎవరు తీశారే?" అని అడిగావు. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. ఎవరో అన్నారు, తాళం మేకుకి ఉంటుంది కదా అని. ఇంకెవరో అన్నారు, బూని ముద్ర ఏదీ, బూని కాగితం ఏదీ అని. అంతే, అందరూ అటు తిరిగారు.

బూని ముద్ర డబ్బాలో ఎందుకు లేదో నాకు తెలుసు అక్కా. ఆ పొద్దున్నే నా దగ్గర అడిగి తీసుకుంది. పోస్టాఫీసులో వాళ్ళమ్మ పంపిన పార్సిల్ ముద్ర లేకుండా ఇవ్వరు. ఎండు మిరపకాయలు వచ్చాయని మధ్యాహ్నం నాకు గుప్పెడు పెట్టింది కూడా. ఒక్క మాట, ఆ ఒక్క మాట అంటే చాలు. "ఆ ముద్ర నేనే ఇచ్చాను" అంటే చాలు. అనలేదు. బూని నా వైపే చూస్తోంది, నేను చెబుతానని. ఎంతసేపు చూసిందో! తర్వాత వాళ్ళు ఆమె పరుపు తీసుకెళ్ళి వానలో పడేశారు. భోజనాల హాల్లో ఎవరూ పక్కన కూర్చోలేదు. ఎనిమిదో రోజుకి వెళ్ళిపోయింది. పండక్కి సీట్లూ లేవు, నేనెలాగూ వెళ్ళలేదు.

నువ్వు పెరట్లో కూర్చున్నప్పుడు కూడా నేను రాలేదు. ఉద్యోగం పట్టుకుని వేలాడాను. నాకొచ్చే ఈ పింఛను అప్పటిది. ప్రతి ఏడూ నీకు కిమ్చీ ఎందుకు పంపుతానో ఇప్పుడు తెలిసిందా?

ఇప్పుడు నన్ను తిట్టు. చీదరించుకో. కాని బూని పేరు నా నోటితో రెండోసారి చెప్పించకు.

మాల్‌జా


ఇంచియాన్,
డిసెంబరు 2.

మాల్‌జా,

కిమ్చీ పొంగలేదు. ఉప్పు మళ్ళీ ఎక్కువే.

నువ్వే ఇచ్చావని నాకు తెలుసు. ఆ ఉదయమే తెలుసు. ముందురోజు సాయంత్రం ముల్లంగి పులుసు వడ్డించుకుంటూ నా చెవిలో నువ్వే అన్నావు, "అక్కా, ఈసారి నిలబడక్కర్లేదు, వార్డెనమ్మ రైల్లో సీట్లు పెట్టిస్తోంది" అని. నీకు గుర్తులేదు. నాకుంది. బోర్డు చూసిన క్షణంలో రెండూ కలిశాయి.

అప్పుడెందుకు చెప్పలేదని అడగకు. నీ మంచికే. ఇప్పుడూ చెప్పొద్దు. డబ్బా నువ్వే ఇచ్చావంటే కమిటీ వాళ్ళు అక్కడితో ఆగరు, ఇంకా ఇంకా తవ్వుతారు. నేను రాసినట్టే చెప్పు. బూని ఎక్కడుందో, ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఆమెకి పోయేదేం లేదు. నా వెనక పద్దెనిమిదిమంది ముసలివాళ్ళున్నారు. వాళ్ళ గురించి ఆలోచించు.

లాయరమ్మాయి పదమూడో తేదీన వస్తుంది. మంచి కాఫీ ఇవ్వు.

ఓక్‌బున్


జెచొన్,
డిసెంబరు 16.

అక్కా,

ఈసారి నీ నడుము గురించి అడగడం లేదు.

లాయరమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల, మనవరాలిలా అనిపించింది. చలికి ముక్కు ఎర్రబడిపోయింది. కాఫీ ఇచ్చాను, మా ఆయన ఎండబెట్టిన పర్సిమన్ పళ్ళు తెచ్చిపెట్టాడు. పిల్ల నా మంచి చెవి వైపు కూర్చుని గట్టిగా మాట్లాడింది.

"అమ్మమ్మా, ఇవి రాజీనామా కాగితాల నకళ్ళు. ఇందులో మీ ముద్ర ఉందేమో చూడండి" అంది.

చూశాను. నా ముద్ర నాకు తెలియదా? మొదటి జీతం రోజున సిమెంటు నేల మీద పడి ఎడమ పక్క అంచు విరిగింది. ఉంది, ఆ విరుగుతోనే.

తర్వాత పిల్ల ఇంకో కాగితం తీసింది. "ఇది మన బలం అమ్మమ్మా. రాజీనామాలకి పది రోజుల ముందు మీరంతా మేనేజరుకి ఇచ్చిన అర్జీ. ఎనిమిది గంటల పని, ఆదివారం సెలవు, మగవాళ్ళతో సమానంగా జీతం, మానేసినప్పుడు చేతికి ఇవ్వాల్సిన సొమ్ము. తొంభై ఆరుమంది ఒక్కొక్కరే వచ్చి ఏడుస్తూ ముద్ర వేశారట కదా! ఇంత ధైర్యంగా వేసినవాళ్ళు పది రోజుల్లో రాజీనామా ఎందుకిస్తారు, అని అడుగుతాం."

అక్కా, ఆ కాగితం నేను నలభై ఐదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. దాని కథ మాత్రం విన్నాను, ప్రతి కలయికలో నువ్వు చెబుతుంటే విన్నాను. ఆడపిల్లలు ఒక్కొక్కరే వచ్చారని, ఎర్ర సిరా ముద్ద అయిపోతే ఒకతె పరుగెత్తి వెళ్ళి కొని తెచ్చిందని. మిగతావాళ్ళు చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. డబ్బా నీ దగ్గరున్న పూట మిగతావాళ్ళందరూ వేసి ఉంటారు, నేనొక్కదాన్నే పిరికిదాన్ని అనుకుంటూ కొట్టాను.

ఎందుకంటే నేను వేయలేదు. నీకు గుర్తుందా? బట్టలుతికే చోట అడిగావు, "వేస్తావా మాల్‌జా?" అని. "భయంగా ఉందక్కా, రెండు రోజులు ఆగు" అన్నాను. "సరే, తొందరేం లేదు" అన్నావు. రెండో రోజున, "సభ్యుల పుస్తకం కొత్తది రాయాలి, డబ్బా ఒక పూట ఇవ్వు" అన్నావు. ఇచ్చాను. వార్డెనమ్మకి ఇచ్చినట్టే, రెండు చేతులతో.

ఇప్పుడు ఆ కాగితం మీద నా ముద్ర ఉంది, విరిగిన అంచుతో సహా. అంతేనా? ముద్రలన్నీ ఒకటో గది నుంచి పన్నెండో గది దాకా ఉన్నాయి. కిటికీ పక్క నుంచి తలుపు పక్క దాకా. ఏడుస్తూ ఒక్కొక్కరే వచ్చిన ఆడపిల్లలు పరుపుల వరసలో వస్తారా అక్కా? రాత్రి షిఫ్టు వాళ్ళూ పగలు షిఫ్టు వాళ్ళూ పక్కపక్కనే నిలబడతారా? అది నా డబ్బా వరస. రాజీనామాలదీ అదే వరస. పక్కపక్కన పెట్టి వేలితో చూసుకుంటూ పోయాను. బూని ముద్ర ఒక్కటే తేడా.

పరుపుల వరస తెలిసిన మనిషి హాస్టల్లో ఇంకొకరుంది, వార్డెనమ్మ. అర్జీ మేనేజరు చేతికెళ్ళాక ఆమెకి చూపించకుండా ఉంటారా? చూడగానే తెలిసిపోయి ఉంటుంది, ఇవన్నీ ఒకే డబ్బాలోంచి వచ్చాయని. ఆ డబ్బా ఒకటుందని, అది అడిగితే చాలు ఈ వెర్రిది ఇచ్చేస్తుందని వాళ్ళకి దారి చూపింది నువ్వు.

నాకు పదిహేడో ఏటి నుంచి నువ్వే అక్కవి. నాకు అక్షరాలు గుండ్రంగా రాయడం నేర్పింది నువ్వు. నా జ్వరానికి నీ దుప్పటి కప్పావు. మనం మనుషులం, యంత్రాలకి అతికించిన చేతులం కాదని మొదట నాతో అన్నది నువ్వు. అలాంటి నువ్వు నన్ను అడిగి, నా భయం విని, సరేనని, నా పేరు నాకు తెలియకుండా తీసుకెళ్ళి కాగితానికి గుద్దావు. వార్డెనమ్మ చేసింది నాకు అర్థమవుతుంది, ఆమె జీతం వాళ్ళది. నువ్వు?

అది చాలక, నేనే తప్పు చేశానని నేను ఏడుస్తుంటే నలభై ఐదేళ్ళు చూస్తూ ఊరుకున్నావు. నా కిమ్చీ తిన్నావు. ఉప్పెక్కువని పేరు పెట్టావు.

మంచి కోసమే అంటావు, తెలుసు. సీట్ల కోసం అని వార్డెనమ్మ అంది. రెండూ మంచి మాటలే.

పిల్ల నా మొహం చూసి కంగారుపడింది. "అమ్మమ్మా, మందేమైనా వేసుకోవాలా?" అంది. మా ఆయన, "ఏమైందే, పింఛను ఆపేశారా?" అన్నాడు. నకళ్ళు ఇక్కడే ఉంచి వెళ్ళమన్నాను. ముందు అక్కకి రాయాలన్నాను.

చిత్రం ఏమిటంటే, గ్యాసు కట్టానో లేదో ఆ రోజు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

నేను సాక్ష్యం చెబుతాను. డబ్బా రెండుసార్లు ఇచ్చానని చెబుతాను. నువ్వు కలిస్తే ఇద్దరం, లేకపోతే నేనొక్కదాన్నే.

మాల్‌జా


ఇంచియాన్,
జనవరి 27.

మాల్‌జా,

నీకు ధైర్యం ఎప్పుడూ అవసరం తీరాకే వస్తుంది. అప్పుడు ఒక్క మాట అనలేకపోయావు, ఇప్పుడు పంతొమ్మిదిమంది నోటి దగ్గర కూడు తీసేంత మాట అంటావు. ఈ ఉత్తరం ఇక్కడితో ఆపి పోస్టు చేద్దామనుకున్నాను. నెల రోజులు బల్ల మీదే ఉంది. పిల్లి దాని మీద పడుకుంది.

పోయిన వారం మెట్లు తుడుస్తూ నాలుగో అంతస్తులో కూర్చుండిపోయాను. లేవలేక కాదు. సరే, రాస్తాను.

వేసింది నేనే. యూనియన్ గదిలో, మధ్యాహ్నం పూట, తలుపు గడియ పెట్టుకుని. తొంభై ఆరుమందిలో నిజంగా ఒప్పుకున్నవాళ్ళు నలభై ఒక్కరు. మిగతావాళ్ళు నీలాగే, "ఆగు అక్కా" అన్నారు. ఆగితే సగానికి పైగా లేరని మేనేజరు నవ్వుతాడు. వాళ్ళకీ ఆదివారం కావాలి, వాళ్ళకీ సమాన జీతం కావాలి, తీరా వచ్చాక వద్దంటారా అనుకున్నాను. వాళ్ళ తరఫున నేను ధైర్యం చేస్తున్నాననుకున్నాను. నీ ముద్ర దగ్గర చెయ్యి ఆగింది. నిజం. తర్వాత వేశాను.

అందుకే ఆ ఉదయం నోరు విప్పలేదు. నిన్ను కాపాడానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు ఇచ్చావని బయటపడితే, ఇంకెప్పుడైనా ఇచ్చావా అని అడిగేవాళ్ళు. అప్పుడు నా పేరొచ్చేది. బూని వైపు అందరూ తిరిగారు. తిరగనిచ్చాను. యూనియన్ నిలబడాలంటే ఒకతె పోవాలి, అనుకున్నాను. ఒకతె పోయింది, యూనియనూ పోయింది. పెరట్లో కూర్చున్నప్పుడు నా మీద నీళ్ళు కొట్టారు, జుట్టు పట్టి ఈడ్చారు. అందరూ నన్ను వీరురాలన్నారు. ఆ నీళ్ళకి నా తప్పు కడుక్కుపోయిందనుకున్నాను.

ఇంకొకటి. బూని ఎక్కడుందో తెలియదని రాశాను కదా, అబద్ధం. ఈ ఊళ్ళోనే ఉంది. సొరే రేవు బజారులో ఎండుచేపలు అమ్ముతుంది, పన్నెండేళ్ళ క్రితమే చూశాను. మాస్కు పెట్టుకుని మూడుసార్లు వెళ్ళి నెత్తళ్ళు కొన్నాను. రెండుసార్లు గుర్తుపట్టలేదు. మూడోసారి పొట్లం కడుతూ, తల ఎత్తకుండా, "ఆ నెత్తళ్ళు పులుసులోకి బావుంటాయి అక్కా" అంది. అక్కా అని అందరినీ అంటారు అక్కడ. నేను మాత్రం చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

మొన్న లాయరమ్మాయికి మొత్తం చెప్పాను. రాసుకుంటున్న కలం మూసేసింది పాపం. ఆమె నమ్మకంగా చెప్పే కథ కదా అది. తర్వాత అంది, "కేసు కష్టమవుతుంది, అబద్ధం చెప్పను. అర్జీయే నకిలీ అంటారు అవతలివాళ్ళు. కాని ఒక అబద్ధం దాస్తే వాళ్ళు రెండోది వెతుకుతారు. రెండూ మనమే చెబితే వెతకడానికేం ఉండదు." ఆ నలభై ఒక్కమందిలో ఉన్నవాళ్ళని వెతుకుతానంది. ఇంకా అంది, "బూనిగారి వాంగ్మూలం లేకుండా ఇది నిలబడదు. ఆమె ఇస్తారా?"

ఎందుకిస్తుంది?

నిన్న మిగతా పద్దెనిమిదిమందిని పిలిచి చెప్పాను. ఒకతె చెప్పు విసిరింది. ఒకతె, "ఓక్‌బున్, నా ముద్ర కూడా నువ్వే వేశావా?" అని అడిగి, అవునంటే, "నేనే వేశానని మా పిల్లలకి చెప్పుకున్నానే" అని ఏడ్చింది. చెప్పు దెబ్బే నయం.

క్షమించమని రాయడానికి మూడు కాగితాలు చింపాను. రాయడం రాలేదు. నీకు గుండ్రంగా రాయడం నేర్పినదాన్ని.

నీ కిమ్చీలో ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

ఓక్‌బున్


జెచొన్,
ఫిబ్రవరి 15.

ఓక్‌బున్ అక్కకు,

నడుము ఎలా ఉంది? నాలుగో అంతస్తులో కూర్చున్నావని చదివి మళ్ళీ బెంగ పట్టుకుంది. మీ తమ్ముడు మందులు వేసుకుంటున్నాడా? ముసలమ్మ మెట్లకి పట్టుకునే కర్ర కట్టించారా? పిల్లి ఉత్తరాల మీద పడుకుంటే జలుబు చేస్తుందేమో చూసుకో. మా ఆయన మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

అడుగుతున్నానని కోపం తగ్గిందనుకోకు. తగ్గలేదు. పొద్దున్న లేవగానే ఉంటుంది, అన్నం తినేటప్పుడూ ఉంటుంది. అది నాతోనే ఉంటుందనుకుంటాను, చెవి మిషనులా. దాని ఈల వింటూనే మిగతా పనులు చేసుకోవాలి.

నేను ఆలోచించాను. బూని దగ్గరికి వాంగ్మూలం కోసం వెళ్ళకూడదు. మళ్ళీ ఆమె ముద్ర అడగడానికి వెళ్ళినట్టవుతుంది. లాయరమ్మాయిని రావద్దను. కాగితం, సిరా ముద్ద ఏవీ తీసుకెళ్ళొద్దు. మనం వెళ్ళి చెప్పాల్సింది చెప్పి రావాలి. నేను, "నీ ముద్ర పొద్దున్న నా దగ్గరే తీసుకున్నావు, పార్సిల్ కోసం, నాకు తెలుసు" అని చెబుతాను. ఆ వాక్యం నలభై ఐదేళ్ళు ఆలస్యంగా చెబుతాను. నువ్వు నీది చెప్పు. ఆ తర్వాత ఆమె ఇష్టం. ఉమ్మితే తుడుచుకుందాం. వాంగ్మూలం ఇవ్వకపోతే మార్చి ఆఖరుకి మన ఇద్దరివే ఇద్దాం. నిలబడితే నిలబడుతుంది, లేకపోతే నువ్వు మీ తమ్ముణ్ణి తీసుకుని మా ఊరు రా. నా పింఛనుతో నలుగురం కిమ్చీ అన్నం తినొచ్చు. ఇది దయతో అనడం లేదు, ఆ పింఛనులో నీ ఏళ్ళు కూడా ఉన్నాయి.

దుకాణంలో బేరగాళ్ళుంటారు, వాళ్ళ ముందు ఎలా అని నువ్వు రాస్తావని తెలుసు. బేరగాళ్ళ ముందే చెప్పాలి అక్కా. ఆమెని దొంగని అన్నది తొంభై ఐదుమంది ముందు. ఒక బజారు జనమైనా లేకపోతే ఎలా? నేనెలాగూ చెవిటిదాన్ని, గట్టిగానే మాట్లాడతాను.

ఆమె కోసం ఎండు మిరపకాయలు కొన్నాను. ఆ రోజు నాకు గుప్పెడు పెట్టింది కదా. రెండు కిలోలు కొన్నాక అనిపించింది, లంచంలా ఉంటుందేమోనని. ఒక గుప్పెడే తెస్తాను.

నాకు భయంగా ఉంది. బస్సు జారుతుందని, మంచు మళ్ళీ కురుస్తుందని, ఆమె చనిపోయి ఉంటుందేమోనని, బతికుండి నన్ను చూస్తుందేమోనని. ఆ చూపే చూస్తుంది, నేను చెబుతానని ఎదురుచూసిన చూపు. అయినా టికెట్టు కొన్నాను. బస్సులో సీటు కూడా దొరికింది, కిటికీ పక్కన.

నువ్వు ముందు వెళ్ళకు, ఒక్కదానివే చెప్పకు, నా తరఫున ఒక్క ముక్క కూడా చెప్పకు. నా మాట నేనే చెప్పుకోవాలి. సొరే వంతెన ఇవతలి మెట్ల దగ్గర నిలబడు, మాస్కు లేకుండా. మార్చి పదకొండు, శనివారం, పదిన్నరకి.

మాల్‌జా